సింగపూర్ క్రూజ్: షోర్ టూర్ షిప్ వాళ్ళ దగ్గరే తీసుకోవాల్నా, బయట కారు మాట్లాడుకోవచ్చా?

భద్రకాళి_కట్ట
జనవరి ఆఖర్ల సింగపూర్ నుంచి 5 రాత్రుల క్రూజ్ బుక్ అయింది, మేమిద్దరమే. మలేసియాల పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌ల ఫుకెట్, ఒక రోజు పూర్తిగ నీళ్ళ మీద. ఏజెంట్ "అన్నీ అందులనే మేడమ్" అన్నడు. ఇప్పుడు కాగితం చూస్తే షోర్ టూర్ (రేవుల దిగి ఊరు చూసేది) లేదు, టిప్పులు లేవు, వీసా ఖర్చు లేదు. షిప్ వాళ్ళ టూర్ రేటు చూస్తే బయట కారుకు రెండింతల కన్న ఎక్కువ. ఏజెంట్ తనే బయట కారు పెట్టిస్తనంటున్నడు. పోర్ట్ క్లాంగ్‌ల దిగంగనే బటు కేవ్స్ (మురుగన్ గుడి ఉన్న గుహలు), ట్విన్ టవర్స్, రాజు ప్యాలెస్, చాక్లెట్ షాపు, మసీదు, చైనాటౌన్, మళ్ళ వాపస్. షిప్ పొద్దుగాల 8కి ఆగి సాయంత్రం 5కి పోతది. మా ఆయన కారే అంటున్నడు. నాకు ధైర్యం చాల్త లేదు. తెలిసినోళ్ళు లెక్క చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
ఆరు జాగలు కావు, రెండే అయితయి. లెక్క వేస్కో.

8కి షిప్ ఆగుతదంటే 8కి నువ్వు కింద ఉంటవని కాదు. తాళ్ళు కట్టాలె, నిచ్చెన పెట్టాలె, అక్కడి అధికారులు క్లియరెన్స్ ఇయ్యాలె. ముందుగాల షిప్ టూర్ల గుంపుల్ని దింపుతరు. సొంతంగ పోయేటోళ్ళు కారెక్కేసరికి 9:30. ఆ జాగలన్నీ కౌలాలంపూర్ దిక్కున్నయి, షిప్ ఆగే టెర్మినల్ ఆడ లేదు, 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం. గంటంబావు నుంచి గంటన్నర. 11కి బటు కేవ్స్. 272 మెట్లెక్కి, గుహల దండం పెట్టుకొని, దిగి నీళ్ళు తాగేసరికి 12:15. ట్విన్ టవర్స్ కింద ఫొటోలు, తిండి, 1:45. అప్పుడు తిరుగు మొఖం పట్టాలె. 3:15కి టెర్మినల్. 5కి పోయే షిప్‌ల 4 లేకపోతే 4:30కే లోపల ఉండాలె. మిగిలింది గంట. ఆ గంట నీది కాదు, పంక్చర్‌ది.

సర్వపిండి
చాక్లెట్ షాపు ఎందుకు పెట్టిండో అడగవా అక్కా? అందుల డ్రైవర్‌కు కమీషన్ ఉంటది. ముందుగాల ఎగ్గొట్టాల్సింది గదే.

మానేరు_గాలి
జంక్షన్ అన్న లెక్క బరాబరే. గని షిప్ టూర్ బస్సు కూడ అదే రోడ్డు మీద పోతది కద, దానికి రెక్కలున్నయా? 40 మంది దిగాలె, ఎక్కాలె, ఒకడు బాత్రూంల ఉంటడు, ఒకడు కొబ్బరి బోండం కాడ ఉంటడు. అదే ఇద్దరికి ఒక కారంటే గంట మిగులుతది. పెట్రోనాస్ ట్విన్ టవర్స్ కాడ బస్సు ఆపే జాగ వేరు, అక్కడికెళ్ళి నడువాలె. షిప్ వాళ్ళకు డబుల్ పైసలు ఎందుకు పొయ్యాలె?

డెక్_ఏడు
@మానేరు_గాలి, నువ్వు చెప్పింది వేగం సంగతి. ఆ పైసలు వేగానికి కాదు, పూచీకి.

షిప్ టూర్ బస్సు ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే బస్సుల ఎంతమంది ఉన్నరో షిప్‌కు తెలుస్తది, ఆగుతది. ఆగలేకపోతే తర్వాతి రేవుకు వాళ్ళ ఖర్చుతోనే చేరుస్తరు. సొంతంగ పోయి లేటయితే నీ కోసం ఆగదు. రేవుల ఆగిన ప్రతి గంటకు కిరాయి ఉంటది, పైలట్ పడవ టైమ్ ఉంటది, తర్వాతి రేవుల స్లాట్ ఉంటది. ఇద్దరి కోసం మూడువేల మందిని ఆపరు.

తప్పిపోతే ఏమైతదంటే, బయల్దేరే ముందు నిచ్చెన కాడి కంప్యూటర్‌ల ఎవరి షిప్ కార్డు లోపలికి గీకలేదో కనవడ్తది. మైకుల పేరు పిలుస్తరు. రాకపోతే సాధారణంగ మీ రూమ్ లాకర్ తెరిచి పాస్‌పోర్టులు తీసి రేవుల ఉండే షిప్ ఏజెంట్‌కు అప్పజెప్పుతరు. అక్కడికెళ్ళి విమానమో బస్సో పట్టుకొని తర్వాతి ఊరికి పోవుడు మీ ఖర్చు, హోటల్ మీ ఖర్చు. మీ సూట్‌కేసులు మాత్రం హాయిగ ఏసీల ఫుకెట్ పోతయి.

సర్వపిండి
మేడారం జాతరల మైకు లెక్కనే అన్నమాట. అక్కడ దొరికేదాక పిలుస్తరు. ఇక్కడ పిల్చి పిల్చి పోతరు.

పాకాల_పిట్ట
కారా, షిప్ టూరా అని మూడు ఊర్లకు ఒకే జవాబు ఎందుకు? ఊరు ఊరికి వేరు.

పెనాంగ్‌ల షిప్ స్వెటెన్‌హామ్ పియర్ కాడ ఆగుతది, అది జార్జ్‌టౌన్ ఒడ్డుకే ఆనుకొని ఉంటది. గేటు దాటి కొద్దిగ నడిస్తే కార్న్‌వాలిస్ కోట, ఇంకో పదిహేను నిమిషాలు నడిస్తే లిటిల్ ఇండియా. క్వీన్ స్ట్రీట్‌ల 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉన్నది. మధ్యాహ్నం మూస్తరు కాబట్టి ముందుగాల అదే చూస్కోవాలె. అరిటాకు భోజనం, ఇడ్లీ, దోశ అన్నీ ఆ గల్లీలనే. జార్జ్‌టౌన్ 2008ల యునెస్కో జాబితాకెక్కింది, ఆ పాత ఇండ్లు, గోడల మీది బొమ్మలు చూసుడు కాలినడకనే బాగుంటది. ఇంత దానికి షిప్ టూర్ కొంటే పైసలు నీళ్ళల్ల పోసినట్టే.

కొండ మీదికి పోవాలంటే గ్రాబ్ యాప్‌ల కారు బుక్ చేస్కోండ్రి. పెనాంగ్ హిల్ రైలు, కెక్ లోక్ సీ బౌద్ధ గుడి రెండూ ఎయిర్ ఇటామ్ దిక్కే. శని, ఆదివారాలు కొండ రైలుకు లైను పొడుగుంటది, ఆ రెండు రోజుల్ల పడితే కొండ వదిలేసి గుడి ఒక్కటే చాలు.

మానేరు_గాలి
చూసిన్రా, నేను చెప్పేది గదే. సొంతంగ పోవచ్చు.

పాకాల_పిట్ట
పెనాంగ్‌ల పోవచ్చు అన్న. పోర్ట్ క్లాంగ్‌ల వద్దు.

కాజీపేట_జంక్షన్
పోర్ట్ క్లాంగ్‌ల ఇంకో తిరకాసు ఉన్నది. మ్యాప్‌ల పోర్ట్ క్లాంగ్ అని కొడితే ఆ పేరు మీద లోకల్ రైలు స్టేషన్ చూపెడ్తది. రైల్ల పోదాం, అగ్గువ అనిపిస్తది. క్రూజ్ టెర్మినల్ ఆడ లేదు, పులావు ఇండా అనే దీవి మీద ఉన్నది. స్టేషన్‌కు, టెర్మినల్‌కు నడుమ మళ్ళ కారే కావాలె. వాపస్ వచ్చేటప్పుడు డ్రైవర్‌కు ఉత్త "పోర్ట్ క్లాంగ్" అంటే స్టేషన్ కాడ దింపుతడు. పులావు ఇండా, బూస్టెడ్ క్రూజ్ సెంటర్ అని పేరు రాసి చూపెట్టాలె.

వరంగల్ స్టేషన్‌ల దిగమంటే కాజీపేటల దిగినట్టు గాదు ఇది. గక్కడ ఆటో దొరుకుతది.

గోదావరిఖని_సెకండ్_షిఫ్ట్
శుక్రవారం పడితే కౌలాలంపూర్‌ల మధ్యాహ్నం నమాజు వేళకు మసీదుల దిక్కు రోడ్లు జామ్. సోమవారం పడితే ట్విన్ టవర్స్ నడిమి బ్రిడ్జి ఎక్కనియ్యరు, సందర్శకులకు సెలవు. ఆ బ్రిడ్జి 41, 42 అంతస్తుల కాడ ఉంటది, టికెట్ మీద టైమ్ ఏసి ఇస్తరు. ఒడ్డు టైమ్‌ల అది కుదరదు. కింద పార్కుల నిలబడి ఫొటో దిగుడే ఖాయం.

వేయిస్తంభాలు
జనవరి ఆఖరు అన్నారు కనుక ఇంకొకటి చూసుకోండి. మురుగన్ (సుబ్రహ్మణ్యస్వామి) పండుగ తైపూసం ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పౌర్ణమి చుట్టుపక్కల వస్తుంది. ఆ రోజున, దానికి అటూ ఇటూ రోజుల్లో బటు గుహల వద్ద లక్షల్లో జనం. కావళ్ళు మోసేవారు, పాలకుండలు, మూసేసిన దారులు. భక్తితో వెళ్ళేవారికి అది మహా దర్శనం, సాయంత్రం ఓడ ఎక్కాల్సినవారికి కాదు. మీ తేదీని పంచాంగంతో సరిపోల్చుకోండి. కలిస్తే అటు వెళ్ళే టూర్ ఏదైనా సరే వదిలేయండి.

మామూలు రోజుల్లోనూ మోకాళ్ళు కప్పే బట్టలు తప్పనిసరి. లేకపోతే మెట్ల కింద చీర ముక్కలాంటి గుడ్డ అద్దెకు తీసుకోవాలి. చేతిలో అరటిపండ్లు, ప్లాస్టిక్ సంచి ఉంటే కోతులు లాగేసుకుంటాయి. కళ్ళజోడు కూడా జాగ్రత్త. మురుగన్ విగ్రహం ఎత్తు 42.7 మీటర్లు, మొత్తం ఫొటోలో రావాలంటే మెట్ల దగ్గర కాదు, వెనక్కి ఆవరణ చివరికి వెళ్ళి తీయాలి.

భద్రకాళి_కట్ట
పౌర్ణమి సంగతి ఎవ్వరు చెప్పలే! చూసిన, నాలుగు రోజుల తేడా ఉన్నది. మరి ఫుకెట్ సంగతేంది? అక్కడ షిప్ ఒడ్డుకు రాదు, పడవల దింపుతరని రాసి ఉన్నది.

డెక్_ఏడు
దాన్ని టెండర్ అంటరు. పటాంగ్ ముందట సముద్రంల లంగరేసి చిన్న పడవల మీద ఒడ్డుకు తీస్కపోతరు. ఇది జర విప్పి చెప్పాలె.

పొద్దుగాల లాంజ్‌ల టెండర్ టికెట్లు ఇస్తరు, నంబర్ల వారీగ పిలుస్తరు. షిప్ టూర్ కొన్నోళ్ళకు ముందు పడవలు. సొంతంగ పోయేటోళ్ళు లేటుగ పోయి టికెట్ తీస్కుంటే గంట కూసుంటరు. బయట స్పీడ్‌బోటును 9కి మాట్లాడుకుంటే నువ్వు ఒడ్డు చేరేసరికి అది పోయి ఉంటది. బయట టూర్ అయితే 10:30 కన్న ముందు పెట్టుకోవద్దు.

ఎక్కుడు, దిగుడు లక్నవరంల బోటెక్కినంత తేలిక కాదు. అలకు టెండర్ పైకి లేస్తది, కిందికి దిగుతది. షిప్ గుమ్మం మాత్రం కదలదు. నావికుడు చెయ్యి పట్టుకోనియ్యడు, తనే నీ ముంజేతిని పట్టుకుంటడు, నువ్వు వాని ముంజేతిని పట్టుకోవాలె. వేళ్ళు పట్టుకుంటే తడికి జారుతయి. పడవ పైకి లేచినప్పుడు "ఇప్పుడు" అంటడు, అప్పుడు ఒక్కటే అడుగు. రెండు చేతులు ఖాళీగ ఉండాలె. ఫోన్ జేబుల, సంచి వీపుకు. అమ్మాయిలు చీర, హీల్స్ ఆ ఒక్క పూట పక్కకు పెట్టుండ్రి. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు దిగకుంటేనే మంచిది.

అల ఎక్కువుంటే కెప్టెన్ టెండర్ మొత్తానికే బంద్ పెడ్తడు. అప్పుడు షిప్ టూర్ పైసలు వాటంతటవే మీ ఖాతాల పడ్తయి. బయట కట్టిన అడ్వాన్స్ వస్తదో రాదో బుకింగ్ కాగితం మీదనే రాసి ఉంటది, ముందుగాల చదువుకోవాలె. జనవరిల అండమాన్ దిక్కు సముద్రం నెమ్మదిగనే ఉంటది. ముదిరేది మే నుంచి అక్టోబర్ దాక.

ఆఖరు టెండర్ టైమ్ వేరే రాస్తరు. 5కి షిప్ అంటే ఆఖరు పడవ 4కే కావచ్చు. వాపస్ లైన్ల ఎండల నిలబడాల్సి వస్తది. గంట ముందే జెట్టీ కాడికి రావాలె.

కాజీపేట_జంక్షన్
దీంట్ల అసలు ఆగం చేసేది టైమ్. సింగపూర్, మలేసియా ఒకటే టైమ్, మనకన్న రెండున్నర గంటలు ముందు. థాయ్‌లాండ్ వాళ్ళకన్న గంట వెనక. ఫుకెట్‌ల దిగంగనే ఫోన్ దానంతటదే థాయ్ టైమ్‌కు మారుతది. షిప్ మాత్రం కొన్నిసార్లు సింగపూర్ టైమే ఉంచుతది. ఫోన్‌ల 3 అయితే షిప్‌ల 4. నువ్వు బీచ్‌ల ఇంకా గంట ఉన్నదనుకొని జ్యూస్ తాగుతుంటవు, ఆడ ఆఖరు పడవ కదుల్తది.

ముందు రాత్రి రూమ్‌కొచ్చే కాగితంల, లేకపోతే యాప్‌ల "షిప్ టైమ్" ఏందో రాసుంటది. చేతికి పాత గడియారం కట్టుకొని దానికి షిప్ టైమ్ పెట్టు, మళ్ళ ముట్టుకోకు. ఫోన్ టైమ్ నమ్మొద్దు. దిగేటప్పుడు గుమ్మం కాడ బోర్డు ఉంటది, దానికి ఫొటో కొట్టుకో.

సర్వపిండి
పెండ్లికి అత్తగారు పెట్టిన హెచ్‌ఎమ్‌టీ వాచీకి ఇన్నేండ్లకు పని పడ్డది.

మానేరు_గాలి
ఫుకెట్‌ల ఫీఫీ దీవులకు స్పీడ్‌బోటు బయటనే అగ్గువ. అదైన ఒప్పుకుంటరా?

పాకాల_పిట్ట
అగ్గువనే, ఒప్పుకుంట. గని పటాంగ్ బీచ్‌ల స్పీడ్‌బోట్లు మామూలుగ ఎక్కియ్యరు. వ్యాన్‌ల ఇంకో దిక్కు జెట్టీకి తోల్కపోతరు, అదే ముప్పావు గంట. తర్వాత సముద్రం మీద పోను ముప్పావు, రాను ముప్పావు. షిప్ ఉండేదే ఎనిమిది, తొమ్మిది గంటలు. టైమ్ తేడా పడ్డా గాలి వచ్చినా ఆ రోజు పోయినట్టే. ఫీఫీ కావాలంటే షిప్ టూర్‌ల పోవాలె, లేకుంటే మానాలె. ఫీఫీల ఉండే మాయా బే బీచ్ ఆగస్టు, సెప్టెంబర్ల మూస్తరు, జనవరిల తెరిచే ఉంటది. గని నీళ్ళల్ల ఈదనియ్యరు, ఒడ్డున చూసుడే.

స్పీడ్‌బోటుల ముందు సీట్లు ఎగురుతయి, నడుము విరుగుతది. వెనక మోటారు దిక్కు కూసోవాలె. గర్భిణీలను ఎక్కించుకోరు.

గోదావరిఖని_సెకండ్_షిఫ్ట్
పటాంగ్ బీచ్‌ల జెట్ స్కీ కిరాయికి తీస్కోకుండ్రి. వాపస్ ఇచ్చేటప్పుడు పాత గీత చూపెట్టి నువ్వే గీరినవ్ అని లొల్లి పెట్టేటోళ్ళు ఉంటరు. తీస్కునేదే ఉంటే ఎక్కే ముందు చుట్టూ వీడియో తియ్యాలె, పాస్‌పోర్ట్ మాత్రం కుదువ పెట్టొద్దు. ఏటీఎంల థాయ్ బ్యాంకు 220 భాట్‌ల పైననే చార్జి కొడ్తది, కొంచెం కొంచెం తియ్యొద్దు. సింగపూర్‌ల నాలుగు నోట్లు భాట్‌ల మార్చుకొని పోతే సరి.

జగిత్యాల_మామిడి
మా దిక్కు చాలామందికి ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే సర్కారు క్లియరెన్స్ కావాలె అని) ఉన్న పాస్‌పోర్ట్ ఉంటది, గల్ఫ్ కోసం తీసినయి. దానితోటి క్రూజ్ పోవచ్చా? మలేసియా, థాయ్‌లాండ్ ఆ లిస్టుల ఉన్నయి కద.

వేయిస్తంభాలు
పోవచ్చు. ఆ క్లియరెన్స్ ఉద్యోగానికి వెళ్ళేవారికి, విహారానికి కాదు. అయితే శంషాబాద్ ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలు పడతాయి. తిరుగు విమాన టికెట్, క్రూజ్ బుకింగ్, హోటల్ కాగితం ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోవాలి. ఫోన్ తీసి వెతకడం మొదలుపెడితే వరుసలో వెనకవాళ్ళు నస పెడతారు.

ఇక అసలు కాగితాలు. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో కళ్ళతో చూసుకోండి. విమానంలో దిగితే ఒకటి, ఓడలో తిరిగి వస్తే రెండోది. ఒక్క ఎంట్రీ వీసాతో ఓడ ఎక్కనివ్వరు. పాస్‌పోర్ట్‌కు ఆరు నెలలు గడువు మిగిలి ఉండాలి. సింగపూర్ ఎరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో చేరే రోజుకు మూడు రోజుల లోపు నింపాలి, ఓడ మీద తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ నింపాలి. మలేసియాకు ఎండాక్, థాయ్‌లాండ్‌కు టీడాక్ అని అలాంటివే ఉన్నాయి. మూడూ ఉచితం. డబ్బు అడిగే సైటు కనపడితే అది ప్రభుత్వానిది కాదు. మలేసియా, థాయ్‌లాండ్ వీసా మినహాయింపు నియమాలు మారుతూంటాయి, బయల్దేరే ముందు వారం ఓడ కంపెనీ పంపే మెయిల్‌లో ఏముంటే అదే ప్రమాణం.

భద్రకాళి_కట్ట
వీసా ఏజెంట్ చేస్తనన్నడు, మల్టిపుల్ అని రాయించుకుంట. టీసీఎస్ అని ఏదో పట్టిండు, అది గూడ దోపిడేనా?

వేయిస్తంభాలు
కాదు. అది ముందుగానే పట్టే పన్ను, విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెంట్ వసూలు చేయక తప్పదు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, లేదా తిరిగి వస్తుంది. ఎవరి పాన్ ఇచ్చారో చూసుకోండి. రిటర్న్ వేసే మనిషి పాన్ ఇవ్వాలి.

కాజీపేట_జంక్షన్
విమానం షిప్ రోజే పెట్టుకోకుండ్రి. ఒక రోజు ముందే సింగపూర్‌ల దిగాలె. హన్మకొండ నుంచి శంషాబాద్‌కు ఘట్‌కేసర్ కాడ ఓఆర్ఆర్ ఎక్కి పోతే మూడు గంటలు, మూడున్నర. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందుండాలె. అంటే రాత్రి 11 విమానానికి సాయంత్రం 4:30కే ఇంట్లకెళ్ళి బయటపడాలె.

సింగపూర్‌ల రెండు క్రూజ్ టెర్మినళ్ళు. మెరీనా బే క్రూజ్ సెంటర్ ఒకటి, దానికి మెట్రో స్టేషన్ మెరీనా సౌత్ పియర్. హార్బర్‌ఫ్రంట్ కాడ సింగపూర్ క్రూజ్ సెంటర్ ఇంకోటి. టికెట్ మీద ఏదుంటే అదే టాక్సీకి చెప్పాలె. "క్రూజ్ టెర్మినల్" అంటే ఏది దగ్గరుంటే దానికి తోల్కపోతడు.

డెక్_ఏడు
సామాను సంగతి. టెర్మినల్‌ల పెద్ద సూట్‌కేసు ఇచ్చేస్తే సాయంత్రానికి గానీ రూమ్ ముందటికి రాదు. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతి సంచిల ఉండాలె. ఆఖరు రాత్రి సూట్‌కేసు తలుపు బయట పెట్టమంటరు, అప్పుడు అందరు చేసే తప్పు ఒకటే. పొద్దుగాల తొడుక్కునే బట్టలు కూడ అందుల సర్దుతరు. నైట్ డ్రెస్సుల సింగపూర్ ఇమిగ్రేషన్ లైన్ల నిలబడాల్సొస్తది.

ఎక్కినంక సేఫ్టీ డ్రిల్ ఎగ్గొట్టొద్దు. 2012ల కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ షిప్ మునిగినంక రూలు బిగించిన్రు, బయల్దేరే ముందు కాకపోతే బయల్దేరంగనే చేయాల్సిందే. మీ గుంపు నిలబడే జాగకు పోయి కార్డు గీకితేనే లెక్క.

ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, కొవ్వొత్తులు, ఎక్స్‌టెన్షన్ బోర్డు స్కానింగ్‌ల దొరికితే తీస్కుంటరు, దిగేటప్పుడే ఇస్తరు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ రూమ్‌ల పట్టది. రెండు పిన్నుల చార్జర్ అయితే పడ్తది.

సర్వపిండి
రైస్ కుక్కర్ తీస్కపోయేటోళ్ళు ఉన్నరా?

డెక్_ఏడు
స్కానింగ్ కాడ టేబుల్ మీద వరుసగ పెట్టి ఉంటయి. నీకే తెలుస్తది.

పాకాల_పిట్ట
తిండి సంగతి నేను చెప్త. సింగపూర్ నుంచి పోయే షిప్పుల్ల మనోళ్ళు ఎక్కువ కాబట్టి బఫేల అన్నం, పప్పు, పెరుగు దొరుకుతయి. వెజ్ గానీ జైన్ గానీ కావాలంటే బుకింగ్‌లనే రాయించాలె, మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ను కల్వాలె. వండిన కూరలు, ఇంట్ల డబ్బాలు లోపలికి రానియ్యరు. సీలేసిన ప్యాకెట్లు మామూలుగ ఒప్పుకుంటరు. సకినాలు, మురుకులు దుకాణంల సీల్ చేపించినయి అయితే ఇబ్బంది ఉండది. షిప్ బఫే నుంచి పండ్లు, సాండ్‌విచ్ సంచిల ఏసుకొని ఒడ్డుకు దిగొద్దు, రేవు కాడ పట్టుకుంటరు.

గసగసాలు సింగపూర్‌ల నిషేధం. మత్తుమందు కింద లెక్క. చికెన్ మసాలా ఇంట్ల కొట్టుకుంటే అండ్ల గసాలు ఉంటయి, ఆ డబ్బా ఇంట్లనే పెట్టి పోండ్రి. చూయింగ్ గమ్, గుట్కా, జర్దా, వేప్ ఏదీ పనికిరాదు. సిగరెట్‌కు డ్యూటీ మాఫీ లేదు, ఒక్క ప్యాకెట్ ఉన్నా చెప్పాలె.

సర్వపిండి
చికెన్ మసాలా డబ్బా పట్టుకొని జైలుకు పోతే ఊర్ల మొఖం ఎట్ల చూపెట్టాలె.

భద్రకాళి_కట్ట
మా ఆయనకు జర్దా అలవాటు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించిన. షిప్ టూర్ కన్న దీనికే ఎక్కువ పరేషాన్ అయిండు. ఆయన మందు తాగడు, నేను తాగను. డ్రింక్స్ ప్యాకేజీ అంటగడ్తున్నడు ఏజెంట్.

డెక్_ఏడు
వద్దు. చాలా షిప్పుల్ల రూలు ఏందంటే, ఒక రూమ్‌ల ఒక పెద్దమనిషి మందు ప్యాకేజీ కొంటే రెండో పెద్దమనిషి కూడ కొనాలె. టీ, నీళ్ళు, బఫే జ్యూస్ ఉత్తదే. టిప్పు మాత్రం తప్పదు. మనిషికి రోజుకు ఇంత అని షిప్‌ల మీ రూమ్ ఖాతాల ఏస్తరు. డాలర్లల్ల నడిచే పెద్ద షిప్పుల్ల పద్దెనిమిది డాలర్లకు అటు ఇటు. ఇద్దరికి ఐదు రాత్రులంటే నూట ఎనభై దగ్గర. అది బడ్జెట్‌ల ఏస్కో.

ఖాతాకు క్రెడిట్ కార్డే కట్టాలె. డెబిట్ కార్డు ఇస్తే ముందుగాల కొంత పైస ఆపి పెడ్తరు, ఊరికొచ్చినంక కూడ రోజుల తరబడి బ్యాంకు ఖాతాల ఇరుక్కొని ఉంటది.

ఇద్దరి షిప్ కార్డులు ఒకరి పర్సుల పెట్టుకోవద్దు. ఒడ్డు మీద విడిపోతే రెండోళ్ళు గేటే దాటరు. ఎవరి మెడల వాళ్ళదే.

కాజీపేట_జంక్షన్
ఫోన్ మర్వకుండ్రి. రేవు దాటంగనే ఫోన్ షిప్ సొంత టవర్‌ను పట్టుకుంటది. సింగపూర్ కోసం ఏస్కున్న మామూలు రోమింగ్ ప్యాక్ కిందికి అది రాదు, నిమిషం కాల్‌కు, ఒక్క ఫొటో అప్‌లోడ్‌కు బిల్లు వాచిపోతది. షిప్ కదలక ముందే ఫ్లైట్ మోడ్ ఏసి వైఫై ఒక్కటే తెరువాలె. ఒడ్డున దిగినంకనే తియ్యాలె.

మానేరు_గాలి
రూమ్ సంగతి ఎవ్వరు అడగలే. "గ్యారంటీ క్యాబిన్" అగ్గువ అని ఏజెంట్లు కట్టబెడ్తరు, రూమ్ నంబర్ మనం ఎంచుకోలేం. స్విమ్మింగ్ పూల్ కింద పడితే తెల్లారు కుర్చీలు గుంజుడు, థియేటర్ మీద పడితే అర్ధరాత్రి దాక డ్రమ్ములు. కింద, మీద రెండు దిక్కుల రూమ్‌లే ఉన్న అంతస్తు అడగాలె. పడవ ఊగుడు పడనోళ్ళు నడిమి భాగంల, కింది అంతస్తుల తీస్కోవాలె. మలక్కా జలసంధి సుమత్రా చాటున ఉంటది కాబట్టి పెద్ద ఊపు ఉండది. బుకింగ్‌ల "ఒకటే మంచం" అని రాయించుండ్రి. లేకపోతే రెండు మంచాలు ఎడంగ ఏసి పెడ్తరు.

సర్వపిండి
ముప్పై ఏండ్ల కాపురం అయినోళ్ళకు ఎడంగనే నయం.

పాకాల_పిట్ట
వాంతులు అయితయని భయమున్నోళ్ళు అవోమిన్ గోళీ ముందు రాత్రి ఏస్కుంటరు. నిద్ర బాగ వస్తది. పొద్దుగాల ఏస్కొని టెండర్ ఎక్కితే తూలుడే. బీపీ, షుగర్ మందులున్నోళ్ళు ఎంజీఎం దవాఖానకు పోయో, ఇంటి డాక్టర్‌నో అడిగి ఏస్కోండ్రి. ఇన్సూరెన్స్‌ల "క్రూజ్" అన్న మాట ఉండాలె. షిప్ డాక్టర్ బిల్లు రూమ్ ఖాతాల పడ్తది, అక్కడ క్యాష్‌లెస్ నడువది. బిల్లు, డాక్టర్ చీటీ రెండూ ఊరికి తెచ్చుకోవాలె.

భద్రకాళి_కట్ట
సరే, తేల్చినం. పోర్ట్ క్లాంగ్ షిప్ టూర్, బటు కేవ్స్, ట్విన్ టవర్స్ రెండే ఉన్నది. పెనాంగ్ నడుచుకుంట. ఫుకెట్‌ల ఫీఫీ లేదు, టెండర్ల దిగి పటాంగ్ చుట్టుపక్కలనే తిరిగి మూడింటికల్లా వాపస్. ఏజెంట్‌కు కారు వద్దన్న, మొఖం మాడ్చిండు.

మానేరు_గాలి
మూడు అంటే ఏ టైమ్ మూడు?

భద్రకాళి_కట్ట
షిప్ టైమ్ మూడు. మా ఆయన వాచీకి సెల్ ఏపిచ్చుకొచ్చిండు ఇప్పుడే.

జగిత్యాల_మామిడి
అక్కా, సీలేసిన ఆవకాయ నడుస్తదా?

పాకాల_పిట్ట
సూట్‌కేసుల పెడితే నడుస్తది. చేతి సంచిల పెడితే శంషాబాద్‌లనే నూనె అని తీసి పక్కకు పెడ్తరు. చేతి సంచిల అసొంటివి 100 మిల్లీ దాటొద్దు.